ఎండల్లో ఏం వేసుకోవాలి అక్కా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఎండాకాలం బట్టల గురించే, అందుకని మిగతావన్నీ వచ్చే నెలకి పెట్టి వీటికే జవాబులు రాస్తున్నా.

ప్రశ్న: అక్కా, నేను గుంటూరులో బీటెక్ సెకండియర్. కాలేజీకి స్కూటీ మీద అరగంట పడుతుంది. మా కాలేజీలో కుర్తీ, చున్నీ తప్పనిసరి. నేను అన్నీ కాటనే కొనుక్కుంటా, అయినా పదకొండయ్యేసరికి వీపంతా తడిసి బట్ట అంటుకుపోతోంది, చెమటకాయలు కూడా లేస్తున్నాయి. మా ఫ్రెండ్స్ మాత్రం సాయంత్రం దాకా ఫ్రెష్‌గా ఉంటారు. నేనెక్కడ తప్పు చేస్తున్నా?

జవాబు: చెల్లీ, ముందు నీకు బాగా ఇష్టమైన కుర్తీ ఒకటి తీసి లోపలివైపు తిప్పి చూడు. పైన బట్ట కాటనే అయ్యుంటుంది, లోపల లైనింగ్ నున్నగా జారుతూ మెరుస్తోందా? అయితే దొరికింది దొంగ. లైనింగ్ వెయ్యమంటే చాలామంది టైలర్లు క్రేప్ వేసేస్తారు, అది పాలిస్టర్, చెమట పీల్చదు. నా సంగతే చెప్తా. రెండేళ్ళ కింద మంచి మంగళగిరి కాటన్ తీసుకుని మోజుగా కుట్టించుకున్నా, మొదటిరోజే ఉడికిపోయా. ఇంటికొచ్చి విప్పి చూస్తే వీపు దగ్గర లైనింగ్ లోపలివైపంతా చెమటతో జిగటగా ఉంది, దాని మీదున్న మంగళగిరి బట్ట మాత్రం దాదాపు పొడిగానే ఉంది. అంటే చెమట అసలు కాటన్ దాకా వస్తేగా ఆరడానికి! ఆ రాత్రే బ్లేడు తీసుకుని కుట్లు విప్పి లైనింగ్ మొత్తం పీకేశా, లోపల కాటన్ స్లిప్ వేసుకుని అదే కుర్తీ ఇప్పటికీ వాడుతున్నా.

కాబట్టి కుట్టడానికి ఇచ్చేటప్పుడే "కాటన్ లైనింగే వెయ్యండి" అని నోరు తెరిచి చెప్పు, వీలైతే నువ్వే మల్మల్, అంటే పల్చటి మెత్తటి కాటన్ బట్ట, కొని ఇచ్చెయ్. పైబట్టా లైనింగూ రెండూ విడివిడిగా ఒక రాత్రి నీళ్ళల్లో నానబెట్టి ఆరేశాకే ఇవ్వాలి, లేకపోతే ఉతికాక ఒకటి కుంచించుకుపోయి ఇంకోటి వేలాడుతుంది. నువ్వు కొన్నవి నిజంగా కాటనో కాదో అనుమానముంటే లోపలి కుట్టు అంచు నుంచి ఒక్క దారం లాగి పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంట దగ్గర పెట్టు, కాటనైతే కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి చివర గట్టి పూసలా ముద్ద కడుతుంది. ఒక్క దారమే సుమా, బట్టని మంట దగ్గరికి తీసుకెళ్ళకు.

ఇంకోటి, షాపుల్లో మెత్తగా జారేలా ఉండి కాటన్ అని చెప్పి అమ్మేవాటిలో చాలావరకు రేయాన్ ఉంటుంది. అది చెక్క గుజ్జు నుంచి తీసే దారం. చెడ్డదేం కాదు, చెమట పీలుస్తుంది, ఒంటికి హాయిగానే ఉంటుంది, కాకపోతే తడిస్తే బలం తగ్గిపోతుంది, ఉతికేకొద్దీ పొట్టిదవుతుంది. మోకాలి కిందకి ఉండాల్సిన కుర్తీ జూన్ కల్లా మోకాలి పైకి వచ్చేస్తే అందుకే అనుకో.

ఇప్పుడు ఫిట్టింగ్. మీ ఫ్రెండ్స్ ఫ్రెష్‌గా కనిపించడానికి సగం కారణం ఇదే అయ్యుంటుంది. కుర్తీ ఒంటికి అతుక్కునేలా కుట్టిస్తే ఎంత ఖరీదైన కాటనైనా వేస్టే, ఎందుకంటే బట్టకీ ఒంటికీ మధ్య గాలి తిరగాలి. ఛాతీ దగ్గర కొలత కంటే ఒక మూడు నాలుగంగుళాలు ఎక్కువ ఉండనీ, చంకల దగ్గర బిగుతు అసలొద్దు, పక్క కట్లు కాస్త పైనుంచే పెట్టించుకో. అయితే లూజ్ అంటే గోనెసంచిలా కాదు, భుజం మాత్రం కరెక్ట్‌గా భుజం మీదే కూర్చోవాలి. భుజం సరిగ్గా ఉంటే మిగతాదంతా ఎంత వదులుగా ఉన్నా కావాలని అలా కుట్టించుకున్నట్టు స్టైల్‌గా ఉంటుంది, అదే భుజం జారిపోతే అక్క బట్టలు వేసుకున్నట్టు ఉంటుంది.

కింద లెగ్గింగ్ మానెయ్ ఈ మూడు నెలలూ. కాటన్ స్ట్రెయిట్ పాంట్ వేస్కో, చీలమండ పైదాకా ఉండేది. పలాజో అందంగా ఉంటుంది కానీ స్కూటీ మీద వెళ్ళే పిల్లవి, నేను వద్దనే అంటా. చున్నీ విషయం మాత్రం దయచేసి సీరియస్‌గా తీసుకో తల్లీ, ముఖానికి కట్టుకుని రెండు కొసలూ వెనక్కి వదిలేసి వెళ్ళే పిల్లల్ని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది, అది చక్రంలో చుట్టుకుంటే మెడకే ప్రమాదం. బండి మీద ఉన్నంతసేపూ చున్నీ మడిచి బ్యాగ్‌లో పెట్టు, కాలేజీ గేటు దగ్గర తీసి వేస్కో. ఎండకి చేతులు కమిలిపోతాయనా? నాన్నది పాత కాటన్ ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఒకటి అడుగు, కుర్తీ మీద వేసుకుని బొత్తాలు పెట్టుకుని వెళ్ళు. పది ఉతుకులు ఉతికిన చొక్కా ఉన్నంత మెత్తగా కొత్త బట్ట ఉండదు. సెలవు రోజు అదే చొక్కాని చేతులు మోచేతి దాకా మడిచి, స్లీవ్‌లెస్ టాప్ మీద బొత్తాలు తీసేసి వేసుకో, చాలా బాగుంటుంది.

కొత్తవి కొనాలనుంటే మంగళగిరి నీకు పక్కనే, రెడీమేడ్ వద్దు, బట్ట తెచ్చుకో. 44 అంగుళాల పన్నాకి రెండున్నర మీటర్లుంటే కుర్తీ అయిపోతుంది. మంగళగిరి అందమంతా ఒళ్ళంతా ప్లెయిన్‌గా ఉండి అంచు మాత్రం మెరవడంలోనే ఉంది, ఆ అంచుని కుర్తీ కిందా చేతుల చివరా వచ్చేలా కట్ చెయ్యమను, ఇంక లేసులూ అద్దాలూ ఏమీ అక్కర్లేదు.

ప్రశ్న: మేడమ్, హైదరాబాద్‌లో ఈమధ్యే ఉద్యోగంలో చేరాను. ఆఫీసులో ఏసీకి వణుకు, బయటికొస్తే నిప్పులు. కాటన్ వేసుకుంటే మధ్యాహ్నానికి నలిగిపోయి ఇంట్లోంచి అలాగే లేచొచ్చినట్టు ఉంటున్నా. క్యాజువల్‌గానే ఉండాలి కానీ నీట్‌గా ఉండాలి, ఏం చెయ్యను?

జవాబు: నలగడం అనేది కాటన్‌కీ లినెన్‌కీ పుట్టుకతో వచ్చిన గుణం, దాన్ని పూర్తిగా ఆపలేం, కానీ ఎక్కడ నలిగిందో తెలియకుండా చెయ్యొచ్చు. ప్లెయిన్ బట్ట మీద ప్రతి ముడతా కనిపిస్తుంది, చిన్న చిన్న గళ్ళో, సన్న చారలో, కలంకారీ అచ్చు పువ్వులో ఉంటే కనిపించదు. పోచంపల్లి ఇక్కత్ కాటన్ చొక్కా ఒకటి కుట్టించుకోండి, ఆ డిజైన్ అంచులు నేతలోనే కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి కదా, ముడతలు అందులో కలిసిపోతాయి. దాని కింద ప్లెయిన్ కాటన్ పాంటు, కాళ్ళకి తోలు చెప్పులు, చెవులకి చిన్న వెండి జుంకాలు, అంతే చాలు.

ఉతికాక పల్చటి గంజి పెట్టండి, పల్చటిదే, అట్టలా బిగుసుకుపోయేంత పెడితే గాలి ఆడదు. ఇస్త్రీ కాస్త తడి ఉండగానే చెయ్యాలి, పూర్తిగా ఎండిన కాటన్ మీద ఎంత రుద్దినా ముడత పోదు. ఏసీ కోసం స్వెట్టర్ మోసుకెళ్ళక్కర్లేదు, కాస్త మందంగా ఉండే నారాయణపేట కాటన్ స్టోల్ ఒకటి సీటు దగ్గరే ఉంచేసుకోండి, చలేస్తే భుజాల చుట్టూ కప్పుకోవచ్చు, బయటికెళ్ళేటప్పుడు తలకీ పనికొస్తుంది.

చంకల కింద చెమట మరక మీకు ఇబ్బందైతే బూడిదరంగు మాత్రం కొనకండి, అన్నిటికంటే ఎక్కువ కనిపించేది దాని మీదే. తెలుపు మీదా, ముదురు నీలం మీదా, ప్రింట్ల మీదా అంతగా తెలియదు. తెల్లబట్టకి చెమట వల్ల పసుపుపచ్చ మరక పడితే బ్లీచ్ పొయ్యొద్దు, మరక ఇంకా ముదురుతుంది.

ప్రశ్న: అక్కా నేను చామనఛాయ కంటే కొంచెం నలుపు. వేసవిలో లేత రంగులు వేసుకోమంటారు అందరూ, నాకు అవి నప్పవని మా అత్త అంటుంది. నిజమేనా?

జవాబు: నిజం కాదు. మీ అత్తగారి తరంలో చాలామందికి ఎవరో అలా చెప్పి భయపెట్టారు, వాళ్ళూ మంచి రంగులన్నీ వదిలేసుకున్నారు, నాకు నిజంగా బాధేస్తుంది. లేత రంగులు హాయిగా వేసుకో. అవే కాదు, నీ రంగు మీద మెంతి పసుపు, చిలకపచ్చ, ఇటుకరంగు, నేరేడు రంగు ఎంత వెలుగుతాయో ఒక్కసారి కిటికీ దగ్గర అద్దం ముందు నిలబడి బట్ట భుజం మీద వేసుకుని చూడు. షాపు లైట్ల కింద చూసి నిర్ణయించుకోకు, బయట వెలుతురులోకి తెచ్చి చూడు. తెలుపు కూడా వేసుకో, మీగడ తెలుపు అయితే మరీ బాగుంటుంది.

ప్రశ్న: మాది వైజాగ్. స్లీవ్‌లెస్ వేసుకుంటానంటే అమ్మ ఒప్పుకోదు. ఉక్కకి చచ్చిపోతున్నా అక్కా.

జవాబు: అమ్మతో గొడవ పడకు బంగారం, మీ ఊరి ఉక్క సంగతి నాకు తెలుసు. రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండ మాడ్చేస్తుంది కానీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట ఆరుతుంది, మీకు సముద్రపు గాలిలోనే తేమ ఉండటంతో పట్టిన చెమట పట్టినట్టే ఉంటుంది. అందుకే నీకు చేతులు ఉన్నాయా లేవా అన్నదానికంటే బట్ట ఎంత పల్చగా ఉంది, ఎంత వదులుగా ఉంది అన్నదే ముఖ్యం. మల్మల్‌తో మోచేతి దాకా ఉండే వదులు చేతులు కుట్టించుకో, చంక దగ్గర బిగుతు లేకుండా, మెడ వెనక కాస్త లోతుగా. బిగుతు స్లీవ్‌లెస్ కంటే ఇదే చల్లగా ఉంటుంది, నిజం. మధ్యాహ్నం ఇంటికెళ్తే ఒకసారి మార్చుకో, అందుకే ఖరీదైనవి రెండు కొనే బదులు మామూలు మల్మల్ కుర్తీలు నాలుగు పెట్టుకోమంటా.

ప్రశ్న: పెడన కలంకారీ టాప్ కొన్నా, మొదటి ఉతుకులోనే రంగు దిగింది. మోసపోయానా?

జవాబు: కొద్దిగా దిగితే కంగారు పడొద్దు, మొదటి ఒకట్రెండు ఉతుకుల్లో మామూలే. బకెట్‌లో విడిగా చన్నీళ్ళల్లో వెయ్యండి, నానబెట్టి వదిలెయ్యకండి, ఎక్కువ ఘాటు లేని సబ్బు వాడండి, తిరగేసి నీడలో ఆరెయ్యండి. నాలుగైదు ఉతుకులయ్యాక కూడా నీళ్ళు ఎర్రగానే వస్తుంటే మాత్రం కొన్న చోటికి పట్టుకెళ్ళి అడగండి, ఈసారి కొనేటప్పుడు తెల్ల చేతిరుమాలు కాస్త తడిపి లోపలి అంచు మీద రుద్ది చూశాకే డబ్బులివ్వండి.