అమ్మలూ, ఆ మోళ్లు కొట్టించకు

అమ్మలూ,

తోటలో పిట్టలకి చెక్కగూళ్లు కడతావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఒకరికైనా ఆ బుద్ధి పుట్టిందని మురిసిపోయాను. అంతలోనే, ఎండిన మోళ్లన్నీ కొట్టించేసి, గోరింకల్ని తోలడానికి మనిషిని పెడతావట అనేసరికి ఒకటే టెన్షన్. అందుకే ఈ ఉత్తరం.

గూటికి మందపాటి చెక్క వాడు, లోపల రంగు వెయ్యకు, నీళ్లు పోవడానికి అడుగున బెజ్జాలు పెట్టించు. రేకు డబ్బాలు వద్దు, ఎండకి పిల్లలు మాడిపోతాయి. సంక్రాంతి లోపే కట్టించు, చిలకలు అప్పటికే తొర్రలు వెతుకుతుంటాయి.

కన్నం దగ్గర మాత్రం జాగ్రత్త. మీ నాన్న నీకిది చెప్పి ఉండడు. పెరట్లో మునగచెట్టు ఎండుకొమ్మకి, అడుగువైపు, కంసాలిపిట్టల జంట కన్నం తొలిచింది. రెండంగుళాలుంటుందేమో. ఆడా మగా వంతులేసుకుని పొడుస్తుంటే చెక్కపొట్టు రాలేది. పిల్లలు కూస్తున్నాయి, చూడాలని మీ నాన్నకి ఆత్రం. కొడవలి మొనతో కన్నం వెడల్పు చేశాడు. తెల్లారేసరికి గోరింకలు దిగిపోయాయి. ఈకలైనా రాని పిల్లలు కింద మట్టిలో పడున్నాయి, చీమలు పట్టేశాయి. పైన గోరింకలు గుడ్డపేలికలు, పాలిథిన్ ముక్కలు లోపలికి కుక్కుతున్నాయి. వాడు ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాత ఉండేలు పట్టుకుని గోరింకల వెంటపడితే నేనే లాక్కున్నాను.

వాటి తప్పేముంది చెప్పు? వడ్రంగిపిట్ట, కంసాలిపిట్ట తొలుచుకోగలవు. గోరింకకి, పాలపిట్టకి, చిన్న గుడ్లగూబకి అలాంటి ముక్కు లేదు, ఉన్న తొర్రలో దూరాల్సిందే. ఆ ఇరుకు కన్నమే కంసాలిపిట్టకి గొళ్లెం. దాన్ని మనమే తీసేసి గోరింకని తిడితే ఎలా? ఆస్ట్రేలియాలో గోరింకలు అక్కడి పిట్టల తొర్రలు లాక్కుంటున్నాయని చదివే ఉంటావు. నిజమే, అక్కడికి వాటిని మనుషులు తీసుకెళ్లి వదిలారు. ఇక్కడ అది మన ఊరి పిట్టే.

తొర్రలు చాలకే ఈ కొట్లాట. 2018లో తిత్లీ తుపాను మన ఉద్దానాన్ని ఊడ్చేశాక, తల తెగి నిలబడ్డ కొబ్బరి మోళ్లలోనే చిలకలూ గోరింకలూ చేరాయి. చిలక కన్నంలోంచి తల బయటపెట్టి కదిలేది కాదు. గోరింక రెక్కలు టపటపలాడిస్తూ దాని మొహమ్మీదికే వచ్చేది. నువ్వు కట్టే గూళ్లు ఎన్నైనా, పది మోళ్లు కొట్టించావంటే లెక్క సరిపోదు తల్లీ. ఇంటిమీద పడేలా ఉన్నవి తీయించు, అక్టోబరు వచ్చిందంటే నాకూ గుండెల్లో దడే. దూరంగా ఉన్నవాటి జోలికి పోకు.

చిలకపిల్లలు కావాలని ఎవరైనా వస్తే గట్టిగా కసురు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

తొర్రలో చెయ్యి పెట్టావో, ఊరుకోను. గుడ్ల కోసం పాములు ఎక్కుతాయి. నిచ్చెన కూడా నువ్వెక్కకు. చెట్టెక్కేవాళ్లని పిలిపించు, కూలి నేను పంపిస్తాను.

మీ అత్త