రూ.32,900 రాయితీకి రూ.2.61 లక్షల వడ్డీ

ప్రశ్న: నా వయసు 39. హనుమకొండలో ప్రైవేటు ఉద్యోగం. చేతికి వచ్చే జీతం రూ.58 వేలు. అద్దె, పిల్లలిద్దరి ఫీజులు, అమ్మ మందులు కలిపి నెల ఖర్చు రూ.41 వేలు. నా 2011 వ్యాగన్ఆర్ రిజిస్ట్రేషన్ గడువు కొద్ది నెలల్లో ముగుస్తుంది. దాన్ని స్క్రాప్‌కి ఇస్తే తుక్కు ధర రూ.22 వేలు, కొత్త కారు లైఫ్ ట్యాక్స్‌లో రూ.20 వేలు, కంపెనీ డిస్కౌంట్ రూ.12,900 వస్తాయని షోరూమ్‌లో చెప్పారు. తెలిసిన మెకానిక్ మాత్రం రూ.18 వేలు పెట్టి రిపేర్లు, రెన్యువల్ చేయిస్తే బయట రూ.80 వేలకు పోతుందంటున్నాడు. కొత్త కారు ఎక్స్‌షోరూమ్ రూ.8.6 లక్షలు, రాయితీలు పోను ఆన్‌రోడ్ రూ.10 లక్షలు. ఉన్న ఒక్క ఎఫ్‌డీ రూ.1.9 లక్షలు తీసి, మా ఆవిడ బంగారంపై రూ.90 వేలు, బ్యాంకులో 9.5 శాతం వడ్డీకి ఏడేళ్లకు రూ.7 లక్షలు తీసుకుందామనుకుంటున్నాను. టోకెన్‌గా రూ.5 వేలు కట్టాను. ప్రభుత్వ ప్రోత్సాహకాలు ఉన్నప్పుడే కారు మార్చడం మంచిదే కదా? ఈవీ అయితే ఇంకా మేలా? కంపెనీ ఇచ్చిన రూ.3 లక్షల ఆరోగ్య బీమా ఉంది. అందులో అమ్మ (67) లేదు. (ఒక పాఠకుడు)

జవాబు: మంచిది కాదండీ. కారు కొనొద్దని కాదు, ఈ పద్ధతిలో కొనొద్దని. మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. కార్లపై జీఎస్టీ తగ్గినప్పటి నుంచి ఇలాంటి లెక్కలే ఎక్కువగా వస్తున్నాయి. ఏ రాయితీ ఎంత వస్తుందో అందరూ పైసలతో సహా కూడుతున్నారు. అది రావడానికి చేతి నుంచి ఏం పోతోందో ఎవరూ రాయడం లేదు.

ముందు పాత కారు సంగతి. మీరు చెప్పిన మూడింటినీ కూడితే రూ.54,900. అందులో రూ.22 వేలు ప్రోత్సాహకం కాదు, మీ ఇనుముకు మీకొచ్చే ధర. అసలు రాయితీ రూ.32,900. మెకానిక్ మాట నిజమైతే రూ.80 వేలలో ఖర్చు పోను రూ.62 వేలు మిగులుతుంది. అంటే నడుస్తున్న బండిని తుక్కు చేసి, ప్రభుత్వమిచ్చేదీ కంపెనీ ఇచ్చేదీ అన్నీ కలుపుకొన్నా మీకు ఏడు వేలు తక్కువే. స్క్రాప్ రాయితీ పనికొచ్చేది ఇంజిన్ పోయి, బాడీ తుప్పు పట్టి, ఎవరూ కొనని బండికి. మీది అలాంటిది కాదు.

పత్రికల్లో కనిపించే ‘25 శాతం రాయితీ’ని కూడా చాలామంది తప్పుగా చదువుతున్నారు. అది కారు ధరలో కాదు, మోటారు వాహన పన్నులో. అదీ 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల్లో సొంత వాహనాలకు పెట్టిన గరిష్ఠ పరిమితి. ఎంత ఇవ్వాలన్నది రాష్ట్రాల ఇష్టం. తెలంగాణ కారు ధరను బట్టి స్లాబులు పెట్టింది. మీ కారుకు 14 శాతం చొప్పున లైఫ్ ట్యాక్స్ రూ.1,20,400. అందులో మీకు తగ్గేది రూ.20 వేలు, అంటే ఆరో వంతు. మిగతా లక్షా నాలుగు వందలు మీరు కట్టాల్సిందే. కంపెనీ డిస్కౌంటూ అంతే. 2024 ఆగస్టులో కార్ల కంపెనీలు ఒప్పుకున్నది ఎక్స్‌షోరూమ్ ధరలో 1.5 శాతం లేదా రూ.20 వేలు, ఏది తక్కువైతే అది. అప్పుడు ప్రకటించింది కూడా ఏడాది కాలానికే. ఎక్స్చేంజ్ బోనస్, స్క్రాప్ డిస్కౌంట్ రెండూ ఇస్తామని ఎవరైనా నోటిమాటగా అంటే కొటేషన్ మీద రాసిమ్మనండి. తుక్కుకిచ్చిన బండిని మళ్లీ ఎక్స్చేంజ్ చేయడం కుదరదు కదా.

15 ఏళ్లు నిండితే కారు రోడ్డెక్కకూడదన్న భయం వదిలేయండి. అది ఢిల్లీ గొడవ, మన దగ్గర అలాంటి నిషేధం లేదు. 15 ఏళ్లు దాటితే తప్పనిసరిగా పక్కన పెట్టాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ వాహనాలకే. సొంత కారును ఆర్టీఏ ఆఫీసులో తనిఖీ చేయించి, రూ.5 వేల ఫీజు, దానితోపాటు గ్రీన్ ట్యాక్స్ (పాత బండ్లపై వేసే కాలుష్య పన్ను) కడితే రిజిస్ట్రేషన్ ఇంకో ఐదేళ్లకు పొడిగిస్తారు. గడువు దాటకముందే దరఖాస్తు చేయండి. లేదంటే ఆలస్య రుసుము మొదలవుతుంది.

రాయితీ పెట్టేవాళ్ల ఉద్దేశం కూడా గుర్తుంచుకోవాలి. 2009లో అమెరికా ప్రభుత్వం పాత కార్ల మార్పిడికి 300 కోట్ల డాలర్లు కేటాయిస్తే రెండు నెలలు కూడా గడవకముందే పథకం ముగిసింది. దాదాపు ఏడు లక్షల పాత కార్లు తుక్కయ్యాయి. తర్వాతి నెలల్లో అమ్మకాలు పడిపోయాయి, ఎందుకంటే తర్వాత కొనాల్సినవాళ్లు ముందే కొనేశారు. పొగ తగ్గాలి, కార్ల అమ్మకాలు పెరగాలి అన్నది ప్రభుత్వాల లక్ష్యం. అందులో తప్పేమీ లేదు. మీ ఇంటి బడ్జెట్ మాత్రం వాళ్ల లెక్కలో లేదు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన భాగం. రూ.7 లక్షలకు 9.5 శాతం చొప్పున ఏడేళ్లకు ఈఎంఐ సుమారు రూ.11,440. మొత్తం కట్టేది రూ.9.61 లక్షలు, అందులో వడ్డీ రూ.2.61 లక్షలు. అంటే మీరు మురిసిపోతున్న రాయితీకి దాదాపు ఎనిమిది రెట్లు. ఇది ఒక ఎత్తు. డౌన్ పేమెంట్ కోసం బంగారం తాకట్టు పెట్టడం ఇంకో ఎత్తు. అప్పు తీసుకోవడానికి అప్పు చేయడం ఏమిటండీ? డౌన్ పేమెంట్ అనేదే మీకు స్తోమత ఉందో లేదో చూసే పరీక్ష. దానికీ అప్పు తెస్తే పరీక్ష తప్పినట్టే.

మీ నెలవారీ మిగులు రూ.17 వేలు. ఈఎంఐ పోయాక రూ.5,560. బంగారం వడ్డీ నెలకు రూ.800 అనుకుంటే మిగిలేది రూ.4,760. ఒక్క రూపాయి వేరే ఖర్చు రాకుండా ఏడాదంతా దాచినా రూ.57 వేలు. ఏడాది తిరిగేసరికి బంగారంపై తెచ్చిన అసలు రూ.90 వేలు కట్టాలి. ఎక్కడి నుంచి తెస్తారు? వడ్డీ కట్టి తిరగరాయిస్తారు. మరుసటి ఏడాదీ అంతే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో బంగారం పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది ఒకేసారి పోగొట్టుకోలేదు, ఇలా ఏడాదికోసారి తిరగరాయించుకుంటూ పోగొట్టుకున్నారు. పైగా కొత్త కారుకు రెండో ఏడాది నుంచి వచ్చే బీమా ప్రీమియం మీ లెక్కలో ఎక్కడా లేదు.

ఇదంతా జరిగేటప్పుడు మీ బ్యాంకు ఖాతాలో ఏముంటుంది? ఏమీ ఉండదు. ఎఫ్‌డీని మీరు కారుకు పెట్టే డబ్బుగా చూస్తున్నారు. నా లెక్కలో అది మీ అత్యవసర నిధి, అదీ సరిపోని నిధి. ఆరు నెలల ఖర్చు అంటే రూ.2.46 లక్షలు ఉండాలి. మీకు ఇంకా రూ.56 వేలు తక్కువ. ఒక జీతం మీద ఐదుగురు బతుకుతున్న ఇల్లు మీది. ఉద్యోగం రెండు నెలలు ఆగితే స్కూలు వాళ్లు ఫీజు ఆపరు, ఇంటి ఓనరు అద్దె ఆపడు. బ్యాంకు వాళ్లు కొత్త కారును తీసుకుపోతారు. ఉద్యోగం పోయిన రోజే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోతుంది. ఈ నిధి నిండేదాకా కారైనా, ప్లాటైనా, ఇంకేదైనా నన్ను అడగకండి. జవాబు ఒకటే.

కొటేషన్ కూడా జతచేశారు. అందులో కారుకు బంపర్ టు బంపర్ బీమా, ఇంజిన్ ప్రొటెక్షన్, టైర్ కవర్, తాళంచెవి పోతే దానికో కవర్ ఉన్నాయి. ఇంట్లో 67 ఏళ్ల అమ్మగారికి ఏ బీమా లేదు. మీకు టర్మ్ పాలసీ (మీకేదైనా జరిగితే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా) ఉన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు, లేదనే అనుకుంటున్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంలపై 18 శాతం జీఎస్టీ పూర్తిగా తీసేశారు. చిన్న కార్లపై పన్ను తగ్గింది కూడా సరిగ్గా ఆ రోజే. రెండూ ప్రభుత్వ రాయితీలే. ఒకదాని గురించి షోరూమ్ ముందు బెలూన్లు కట్టారు, రెండోదాని గురించి నాకు ఉత్తరం రాసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అమ్మగారికి విడిగా పాలసీ తీసుకోండి, ఉన్న జబ్బులేవీ దాచకుండా ఫారంలో రాయండి. మీ నలుగురికీ కంపెనీతో సంబంధం లేకుండా ఒక ఫ్యామిలీ ఫ్లోటర్ (అందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా) ఉండాలి.

ఈవీ సంగతి అడిగారు. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు ఈవీలకు రోడ్డు ట్యాక్స్ మొత్తం మాఫీ. కాబట్టి ఆ లోపు కొంటే స్క్రాప్ సర్టిఫికెట్ (పాత బండిని తుక్కుకిచ్చినట్టు ఇచ్చే పత్రం) మీద తగ్గడానికి అసలు పన్నే ఉండదు. ధర మీ బడ్జెట్ దాటుతుంది, అద్దె ఇంట్లో చార్జింగ్ పాయింట్‌కు ఓనరు ఒప్పుకోవాలి. ఇప్పటికి వద్దు. సెకండ్ హ్యాండ్ కారూ ఇప్పుడు అనవసరం, మీ బండే నడుస్తోంది.

ఏం చేయాలంటే, వచ్చే రెండు నెలల మిగులుతో వ్యాగన్ఆర్ రిపేర్లు, రెన్యువల్ కానిచ్చేయండి. ఎఫ్‌డీ జోలికి వెళ్లొద్దు. తర్వాత నెలకు రూ.5 వేలు ఆరోగ్య, టర్మ్ బీమాలకు పక్కన పెట్టండి. రూ.7 వేల చొప్పున ఎనిమిది నెలలు వేస్తే అత్యవసర నిధి నిండుతుంది. మిగిలిన రూ.5 వేలు కారు కోసం ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్). నిధి నిండాక ఆ ఏడు వేలు కూడా ఇందులోకే మళ్లించండి. రెండేళ్లకు వడ్డీ కాకుండా రూ.2.32 లక్షలు చేతిలో ఉంటాయి. అప్పుడు కాస్త చిన్న కారు చూసుకుని, అప్పు రూ.6 లక్షలకు, గడువు ఐదేళ్లకు మించకుండా కొనండి. జీఎస్టీ తగ్గింపు నెలాఖరు ఆఫర్ కాదు, పన్ను రేటే మారింది. ఆలోగా రాష్ట్ర రాయితీ గడువు అయిపోయినా మీకు పోయేది రూ.20 వేలు.

ఆ రోజు బండి నిజంగా తుక్కు స్థితికి వస్తే రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికే ఇచ్చి సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ (పైన చెప్పిన స్క్రాప్ సర్టిఫికెట్ ఇదే) తీసుకోండి. పాత ఇనుప సామాన్ల వాడికిస్తే రాయితీ రాదు, ఆర్సీ మీ పేరు మీదే మిగిలిపోతుంది. బయట అమ్మినా పేరు మార్పిడి పూర్తయ్యేదాకా వదలకండి. ప్రమాదం జరిగితే రికార్డుల్లో ఎవరి పేరుంటే వారిదే బాధ్యత అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

టోకెన్ రసీదు మీద రద్దు షరతులు చదివి, ఈ వారమే రాతపూర్వకంగా వెనక్కి అడగండి. ఇవ్వబోమంటే ఆ రూ.5 వేలు వదిలేసుకోండి.