బడిలో కొట్టు పెడదామంటే...

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ హైస్కూలు. తొమ్మిదో తరగతి పిల్లలకు వ్యాపారం ఎలా చేస్తారో చేయించి నేర్పాలని నా కోరిక. హెచ్‌ఎం గారేమో ఒకరోజు స్టాల్స్ పెట్టించి ఫొటోలు పంపితే చాలంటారు, తల్లిదండ్రులు "కొట్లో కూర్చోబెట్టడానికా చదివిస్తున్నది" అంటున్నారు. పెట్టుబడి ఎవరివ్వాలి, పోతే ఎవరు కట్టాలి? అసలు టెన్షన్ అదే. - ఒక సోషల్ టీచరు

జవాబు: టీచరు గారూ, స్టాల్స్ రోజున కొనేది అమ్మానాన్నలే, ఇంట్లోంచి తెచ్చిన నూనె, పిండి ఖర్చు ఎవరూ రాయరు, అందుకే అందరికీ లాభమే వస్తుంది. అది పేరంటం, వ్యాపారం కాదు.

ఢిల్లీ ప్రభుత్వ బళ్లలో 2019లో 9 నుంచి 12 తరగతులకు ఇందుకోసం విడిగా పాఠాలు మొదలుపెట్టారు, 2021లో 11, 12 తరగతుల వాళ్లకు తలా 2,000 రూపాయలిచ్చి జట్లుగా ఏదో ఒకటి చేసి చూడమన్నారు. మీకు అంత అక్కర్లేదు, జట్టుకు 300 చాలు. అది టీచర్లో, పూర్వ విద్యార్థులో ఇవ్వాలి, పిల్లల దగ్గర పైసా తీసుకోవద్దు. పోతే పోయినట్టు, మిగిలితే ముందు పెట్టుబడి తిరిగి కట్టాలి. ఈ షరతు మొదటి మీటింగులోనే అందరి ముందూ చెప్పేయండి.

వినాయక చవితికి మట్టి బొమ్మలతో మొదలుపెట్టండి, ఎందుకంటే పండగ దాటితే ఆ సరుకు ఎవరికీ అక్కర్లేదు. అచ్చు, మట్టి, రంగులకు 300 పెట్టి 30 బొమ్మలు చేశారనుకోండి. 25 చొప్పున 22 అమ్ముడుపోయి 8 మిగిలాయి. వచ్చింది 550, ఖర్చు పోగా 250. ఐదుగురు రెండు సాయంత్రాలు రెండేసి గంటలు కూర్చున్నారు, అంటే 20 గంటల పని. గంటకు పన్నెండున్నర! ఇంతేనా అని వాళ్లే అడుగుతారు, అసలు పాఠం అక్కడ మొదలవుతుంది: ధర పెంచాలా, ముందే ఆర్డర్లు తీసుకోవాల్సిందా, హైదరాబాద్‌లో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ పంచినట్టు పక్క వీధిలో ఎవరైనా ఉచితంగా పంచితే మన బొమ్మ ఎవరు కొంటారు?

లెక్కలు రాయడం నేర్పడానికి బయటి నుంచి ట్రైనర్‌ను పిలవకండి. మీ ఊళ్లో పొదుపు సంఘం పుస్తకాలు రాసే అమ్మ ఒకావిడ ఉంటారు కదా, ఆమెను పిలవండి. తీర్మానం ఎలా రాస్తారు, వాయిదా కట్టకపోతే సంఘంలో ఏమవుతుంది, ఆమెకంటే బాగా ఎవరు చెప్తారు? కొట్లో కూర్చోబెడతారా అన్న గొణుగుడు కూడా దాంతో కొంత తగ్గుతుంది.

మార్కులు వేయాల్సి వస్తే లెక్కల పుస్తకానికి వేయండి, లాభానికి వద్దు. హెచ్‌ఎం గారికి ఫొటో కావాలంటే ఆ మిగిలిన 8 బొమ్మలతో తీసి పంపండి.