రిపోర్టులో 50... నాన్న మాత్రం ఏం నయం కాలేదంటున్నారు!

ప్రశ్న: మా నాన్నగారి వయసు 62. ఐదు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చేయి, కాలు పడిపోయాయి. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. మాట స్పష్టంగానే ఉంది. మూడు నెలలుగా ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా ఇచ్చే తర్ఫీదు) చేయిస్తున్నాం. స్నానం, చొక్కా వేసుకోవడం, మెట్లెక్కడం లక్ష్యాలుగా పెట్టారు. మొన్న ఇచ్చిన రిపోర్టులో బార్తెల్ స్కోరు 55 నుంచి 80కి పెరిగిందని, లక్ష్యసాధన స్కోరు 50 అని రాశారు. ఇంత కష్టపడితే నూటికి యాభయ్యేనా అని బాధేసింది. నాన్నగారేమో ‘నాకేం నయం కాలేదు’ అంటూ రోజూ సంతకం పెట్టాలని పెన్ను పట్టుకుని కూర్చుంటున్నారు. చికిత్స పనిచేస్తున్నట్టా, లేనట్టా?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా ఆ 50 గురించి టెన్షన్ పెట్టుకోకండి. అది నూటికి వేసిన మార్కు కాదు. మీరు రాసినదాన్ని బట్టి అది ‘గోల్ అటైన్‌మెంట్ స్కేలింగ్’ అనే పద్ధతిలో వచ్చిన అంకెలా ఉంది. 1968లో థామస్ కిరెసుక్, రాబర్ట్ షెర్మన్ దీన్ని మానసిక వైద్య సేవల కోసం రూపొందించారు. తర్వాత పునరావాస చికిత్సలోనూ వాడుకలోకి వచ్చింది. ఇందులో ప్రతి లక్ష్యానికీ ఐదు మెట్లుంటాయి. గడువు నాటికి రోగి ఎంతవరకు చేయగలరని అంచనా వేస్తామో అది సున్నా. అంతకన్నా బాగా చేస్తే ప్లస్ ఒకటి, ఇంకా బాగా చేస్తే ప్లస్ రెండు. తగ్గితే మైనస్ ఒకటి, మైనస్ రెండు. అన్ని లక్ష్యాల్లోనూ సరిగ్గా అనుకున్నంత సాధిస్తే, లెక్క కట్టాక వచ్చేదే 50. మూడు లక్ష్యాలకూ సమాన ప్రాధాన్యం ఇచ్చి, మూడూ మైనస్ రెండు దగ్గర మొదలుపెట్టారనుకుంటే తొలిరోజు స్కోరు 23 దగ్గర ఉంటుంది. అక్కడినుంచి 50కి వచ్చారంటే అనుకున్నంతా అయినట్టే. రిపోర్టు చేతికిచ్చేటప్పుడే ఈ రెండు ముక్కలు చెప్పి ఉంటే మీకింత బాధ ఉండేది కాదు.

కాకపోతే 50 అన్నది అన్నీ కలిపి వేసిన అంకె. చొక్కా ప్లస్ ఒకటికి వెళ్లి, మెట్లు మైనస్ ఒకటి దగ్గరే ఆగిపోయినా 50 రావచ్చు. అందుకని ఏ లక్ష్యం ఏ మెట్టు మీద ఉందో విడివిడిగా రాసిమ్మని థెరపిస్టును అడగండి.

బార్తెల్ స్కోరు మాత్రం నూటికి వేసేదే. అది 55 నుంచి 80కి రావడం మంచి మార్పే. తినడం, స్నానం, దుస్తులు, మలమూత్రాల మీద అదుపు, మంచం మీంచి కుర్చీలోకి మారడం, నడక, మెట్లు... ఇలాంటి పది పనుల్లో ఎంత సాయం కావాలో అది చెబుతుంది. కానీ ఆ పదింటిలో సంతకం లేదు. మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా కనిపించింది అదే. మీ నాన్నగారు రోజూ కూర్చునేది పెన్నుతో. రిపోర్టులో ఉన్న మూడు లక్ష్యాల్లో పెన్ను ఊసే లేదు. ఆ మూడూ అవసరమైనవే, ఇంట్లోవాళ్ల శ్రమ తగ్గించేవే. అవి ఆయన కోరుకున్నవేనా? రిపోర్టు చెప్పేదీ నిజమే, ఆయన చెప్పేదీ నిజమే. రెండూ వేర్వేరు పనుల గురించి మాట్లాడుతున్నాయి.

ఈ తేడా పట్టుకోవడానికే ‘కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్’ అనే పద్ధతి ఉంది. 1991 నుంచి వాడుకలో ఉంది. థెరపిస్టు రోగితో కూర్చుని రోజువారీ పనుల్లో ఏవి ఇబ్బంది పెడుతున్నాయో అడుగుతారు. ఒక్కోటి ఎంత ముఖ్యమో ఒకటి నుంచి పది వరకు అంకె చెప్పమంటారు. అందులోంచి ఎక్కువలో ఎక్కువ ఐదు పనులు తీసుకుని, ఒక్కోదానికి రెండు అంకెలు అడుగుతారు: ఎంత బాగా చేయగలుగుతున్నారు, దానితో ఎంత తృప్తిగా ఉన్నారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ అడుగుతారు. రెండు పాయింట్లు, అంతకుమించి పెరిగితే లెక్కలోకి తీసుకోదగ్గ మార్పు అంటాం. ఆ అంకెలు చెప్పాల్సింది మీ నాన్నగారే, మీరు కాదు. పక్కనుండి ‘అదేంటి నాన్నా, బాగానే చేస్తున్నారుగా’ అని సర్దిచెప్పకండి. స్నానం ఏడు మార్కులంత బాగా చేసుకుంటున్నా, తలుపు బయట ఒకరు కాపలా ఉన్నారని తృప్తికి మూడే ఇవ్వొచ్చు. ఆ మూడు చూస్తేనే తర్వాత ఏం చేయాలో థెరపిస్టుకు తెలుస్తుంది.

ఈసారి వెళ్లినప్పుడు సంతకాన్ని లక్ష్యాల్లో చేర్చమనండి. ‘రాత మెరుగుపడాలి’ అని రాస్తే కుదరదు, అది కొలతకు అందదు. ఉదాహరణకు, ఆయన సంతకంలో ఆరు అక్షరాలున్నాయనుకుందాం. కుర్చీలో కూర్చుని, బల్ల మీద కాగితం పెట్టి, లావు పట్టు ఉన్న పెన్నుతో కుడిచేత్తో రాయాలి. ఇప్పుడు ఒక అక్షరం కాగానే పెన్ను జారిపోతోందంటే అది మైనస్ రెండు. రెండు అక్షరాలు వస్తే మైనస్ ఒకటి. ఎనిమిది వారాల్లో నాలుగు రావడం సున్నా, ఆరూ వస్తే ప్లస్ ఒకటి, ఆరూ ఫారాల మీద ఉండే చిన్న గడిలో పట్టేలా వస్తే ప్లస్ రెండు. అంచనా ఎక్కడ పెట్టాలన్నది చేయి చూసిన థెరపిస్టే నిర్ణయించాలి. కుడిచేతి వేళ్లలో కదలిక ఇంకా బాగా తక్కువగా ఉంటే ఎడమచేత్తో సంతకం నేర్చుకోవడాన్నే లక్ష్యంగా పెట్టుకోవచ్చు. తన కాగితాల మీద తానే సంతకం పెట్టుకోవాలన్నది కోరికైతే అదీ గెలుపే. లేదు, కుడిచేయే కావాలంటే ఆ మాట ఆయన నోటితోనే చెప్పనివ్వండి.

ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. రెండు వారాలకోసారి, ఒకే వేళకు, అదే కుర్చీలో, అదే పెన్నుతో సంతకం పెట్టించి తేదీ వేసి దాచండి. వేళ మారితే పోలికకు పనికిరాదు, పక్షవాతం తర్వాత అలసట వల్ల సాయంత్రానికి చేతి పట్టు బాగా తగ్గొచ్చు. చొక్కా విషయంలోనూ అంతే. గుండీలు పెట్టుకుంటుంటే ఆలస్యమవుతోందని మధ్యలో చేయి వేయకండి. వేయాల్సివస్తే రాసిపెట్టండి, మాటతో గుర్తుచేశారా, చేత్తో పట్టారా అన్నది కూడా. ఎడమ చేతి మణికట్టు దగ్గర ఉండే కఫ్ గుండీని ప్రత్యేకంగా గమనించండి. దాన్ని కుడిచేత్తోనే పెట్టుకోవాలి కాబట్టి వేళ్ల పని ఎంతవరకు వచ్చిందో అక్కడ బయటపడుతుంది. ఇక రోజూ పరీక్ష పెట్టొద్దు, విసుగొస్తుంది.

ఇంకో సంగతి. సంతకం ఒక్కదానికే కాదు, అన్ని పనులకూ ఒకటి, రెండు మార్కులే ఇస్తున్నారా? నిద్ర, ఆకలి తగ్గాయా? దేనిమీదా ఆసక్తి లేకుండా ఉంటున్నారా? పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది. మందులతో, కౌన్సెలింగ్‌తో తగ్గుతుంది. దాన్ని వదిలేస్తే థెరపీ కూడా ముందుకు సాగదు. అలా అనిపిస్తే గడువు దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి.

చేయి లేదా కాలు ఉన్నట్టుండి ఇంకా బలహీనపడినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా మాత్రం అది థెరపీలో వెనకడుగు అనుకోవద్దు. మరోసారి పక్షవాతం వస్తున్నట్టు అనుమానించి క్షణం ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.