క్రషర్ దుమ్ముకు కరువు సాకు చెల్లుతుందా?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. ఊరికి పడమర స్టోన్ క్రషర్ మొదలై నాలుగు నెలలైంది. చీనీ (బత్తాయి) చెట్ల ఆకులు తెల్లబడ్డాయి, పిల్లలకు దగ్గు తగ్గడం లేదు. యజమానిని అడిగితే "వానల్లేవు, వాతావరణమే మారిపోయింది, గాలికి దుమ్ము లేస్తే నేనేం చేసేది?" అంటున్నాడు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. ఆయన మాటలో సగం నిజముంది. ఎండలు ముదిరి నేల ఎండిపోతే మట్టి లేస్తుంది, దాన్ని అణచే వానా ఉండదు. నైరుతి గాలులు మన జిల్లాలో బలంగా వీస్తాయి గానీ వాన మాత్రం కొంచెమే. క్రషర్ మీకు పడమర ఉంది కాబట్టి ఆ నెలల్లో పొడి ఊరిమీదికే వస్తుంది. ఇవన్నీ తెలిసి క్రషర్ నడిపేవాడు ఇంకా జాగ్రత్త పడాలి. కరువు ఆయనకు మినహాయింపు కాదు. కాలుష్యం చేసినవాడే మూల్యం చెల్లించాలన్నది, పర్యావరణ కేసులు వినే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం, 2010లోని సెక్షన్ 20. చుట్టుపక్కల ఇంకా క్రషర్లుండి "ఎవరి దుమ్మో ఎలా తేలుతుంది?" అన్నా, సెక్షన్ 17(2) కింద పరిహారాన్ని అందరికీ పంచి వేయొచ్చు. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పౌరుల హక్కని 2024లో రంజిత్‌సింహ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ముందు సాక్ష్యం. మీ నేల ఎర్రదైతే పొలం దుమ్ము ఎర్రగా ఉంటుంది, రాతిపొడి తెల్లగా, బూడిదరంగులో ఉంటుంది. ఆకు మీద వేలితో గీసి, ఆ గీతా పక్కనున్న పొడీ కనబడేలా తేదీతో ఫొటో తీయండి. రాయి నలిగే చోట, జల్లెడ దగ్గర, కన్వేయర్ నుంచి కంకర జారే చోట నీళ్లు చల్లుతున్నారా? గాలికి అడ్డుగోడ ఉందా? లోపలి దారి గట్టిపరిచారా? చుట్టూ చెట్లు పెంచారా? ఇవన్నీ నిబంధనలే. బయటి నుంచే వీడియో తీయండి. పిల్లల ఆసుపత్రి చీటీలు దాచండి, తోట నష్టం మీద ఉద్యానశాఖ అధికారితో రాతపూర్వక నివేదిక తీసుకోండి.

తర్వాత కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. సమాచార హక్కు కింద క్రషర్‌కు మండలి ఇచ్చిన సీఎఫ్ఈ (స్థాపన అనుమతి), సీఎఫ్ఓ (నడిపే అనుమతి) నకళ్లు అడగండి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: గాలి లేని రోజు, యంత్రం సగం సామర్థ్యంతో నడుస్తుండగా కొలిచి "పరిమితిలోనే ఉంది" అని రాసేస్తారు. గాలి ఉన్న రోజు, క్రషర్ పూర్తిగా నడుస్తుండగా కొలవాలని ఫిర్యాదులోనే రాయండి. యంత్రానికి నిర్ణీత దూరంలో గాలిలో తేలే దుమ్ము ఘనమీటరుకు 600 మైక్రోగ్రాములన్నది క్రషర్‌కున్న హద్దు. ఊరి గాలికి లెక్క వేరు: పీఎం10 (10 మైక్రాన్లు, అంతకన్నా చిన్న ధూళి కణాలు) 24 గంటల సగటు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. ఊళ్లోనూ కొలవమని అడగండి.

వెంటనే ఉపశమనం కావాలంటే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 152 కింద ఆర్డీవోకు అర్జీ పెట్టొచ్చు.

అసలు కేసు చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్‌లో. దుమ్ము ఆపించమని కోరే కేసును, దానికి కారణం మొదట పుట్టిన రోజు నుంచి 6 నెలల్లోపు వేయాలి, తగిన కారణముంటే మరో 60 రోజులు. మీకు మిగిలింది 2 నెలలే, మండలి జవాబు కోసం కూర్చోకండి. పరిహారానికైతే 5 ఏళ్ల గడువుంది. ఊరి సివిల్ కోర్టులో దావా వేయకండి, గ్రీన్ ట్రిబ్యునల్ చట్టంలోని సెక్షన్ 29 అడ్డొస్తుంది, ఈలోపు గడువు పోతుంది. రుసుము రూ.1,000, పరిహారం అడిగితే ఆ మొత్తంలో 1 శాతం. పేదరిక రేఖకు దిగువనున్నవారికి అదీ లేదు.