యాట్ యుద్ధానికి వెళ్ళిన కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. సగానికి పైగా ఓడ యజమాని సంపదే ఉంది: వెల్వెట్ కుర్చీలు, విందులు, అతిథులు. తర్వాత ఒక్క వాక్యంలో ఫిరంగులు బిగించేశావు. ఆ వెంటనే ఓడ మునిగిపోయింది. అసలు కథ ఆ మధ్యలో ఉంది. నువ్వు దాన్ని దాటేశావు.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగినప్పుడు, జర్మన్ జలాంతర్గాముల్ని తరమడానికి చిన్న ఓడలు చాల్లేదు. అందుకే ధనవంతుల విహార నౌకలైన యాట్లు తీసుకుని, ఫిరంగులూ, నీటి లోతులో పేలే బాంబులైన డెప్త్ ఛార్జ్‌లూ ఎక్కించి, ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవుకు పంపారు. నేపథ్యం ఇంత చాలు.

నువ్వు ఆగాల్సింది క్రిస్టబెల్ దగ్గర. 1893లో గ్లాస్గోలో కట్టిన యాట్ అది. 1918 మే 21న, కాన్వాయ్‌లో వెనకబడిన ఒక బ్రిటిష్ స్టీమర్‌కు కాపలాగా వెళ్తూ జర్మన్ జలాంతర్గామి యూసీ-56 మీద డెప్త్ ఛార్జ్ వేసింది. ఆ పేలుడుకి క్రిస్టబెల్ కూడా ఊగిపోయింది. పేలడానికి సిద్ధం చేసి ఉంచిన మిగతా ఛార్జ్‌లు పట్టు తప్పి డెక్ మీద దొర్లాయి. డేనియల్ సలివన్ అనే ఎన్‌సైన్ (కింది స్థాయి నౌకాదళ అధికారి) వాటి మీద పడి, అదిమిపట్టి, కట్టేశాడు. అతనికి అమెరికా అత్యున్నత సైనిక పతకం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. విహారానికి కట్టిన ఓడని యుద్ధానికి వాడటమంటే ఏమిటో నాకు ఆ డెక్ మీద తెలిసింది. ఆ కొద్ది క్షణాలకి నాలుగు పేజీలివ్వు. ఇనుము బరువు, తడి చెక్క, చేతులు ఎక్కడ పట్టు దొరకబుచ్చుకున్నాయి, అన్నీ రాయి. ధైర్యం అనే మాట మాత్రం ఎక్కడా వాడకు. దెబ్బతిన్న యూసీ-56 తటస్థ దేశమైన స్పెయిన్‌లోని శాంటాండర్ చేరి, అక్కడే నిర్బంధంలో ఉండిపోయింది. దీన్ని క్లుప్తంగా చెప్పు.

మునిగిపోయే ఓడే కావాలంటే ఆల్సిడో ఉంది. అది ఫిలడెల్ఫియాకు చెందిన జార్జ్ డ్రెక్సెల్ యాట్. 1917 నవంబర్ 5 తెల్లవారుజామున యూసీ-71 టార్పెడో తగిలి ఎనిమిది నిమిషాల్లో మునిగింది. 21 మంది పోయారు. ఆ యుద్ధంలో శత్రువు దాడిలో అమెరికా నౌకాదళం కోల్పోయిన మొదటి ఓడ అదే. అక్కడ డ్రెక్సెల్ ఆస్తి ఎంతో పాఠకుడికి అనవసరం. నిద్రలో ఉన్నవాళ్ళు చీకట్లో డెక్ మీదికి ఎలా వచ్చారో కావాలి.

ఈ రెండిట్లో ఒకదాన్నే ఎంచుకో. రెండూ కలిపితే ఏదీ నిలబడదు. నేనైతే క్రిస్టబెల్‌నే ఎంచుకుంటాను. తిరగరాశాక పంపు, వెంటనే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య