లెస్టర్ వస్తున్నావా? ముందు పట్టికను కింద నుంచి చదువు

మొన్న సెలవులకి విజయవాడ వచ్చినప్పుడు సత్యనారాయణపురంలో మా వీధి కుర్రాడొకడు పట్టుకున్నాడు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చిందట. (వాళ్ళ నాన్నగారు ఇంకా ‘లైసెస్టర్’ అనే అంటున్నారు. స్పెల్లింగ్ చూస్తే ఆయన తప్పేమీ లేదు.) వీసా, అద్దె ఇల్లు, ఎన్ని కేజీల కందిపప్పు తేవాలి, అన్నీ అయ్యాక నెమ్మదిగా అడిగాడు: “అన్నయ్యా, అక్కడ అందరూ ఫుట్‌బాలే మాట్లాడతారంట. నాకు క్రికెట్ తప్ప ఏమీ తెలీదు. ఇబ్బందా?”

ఇబ్బందేం లేదు తమ్ముడూ. కాకపోతే సోమవారం పొద్దున ఆఫీసులో ఎవరి మొహం ఎందుకు మాడిపోయిందో తెలియాలంటే, ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు లెస్టర్ సిటీ లీగ్ పట్టికలో ఎక్కడుందో తెలిసుండాలి.

బండి దగ్గర పునుగులు అయిపోయాక ఆ కాగితం మీదే గీసి చూపించాను. అక్కడి ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పై లీగ్ ప్రీమియర్ లీగ్, అందులో 20 జట్లు. ప్రతి జట్టుతోనూ రెండుసార్లు, సొంతూళ్ళో ఒకటి, వాళ్ళూళ్ళో ఒకటి, మొత్తం 38 మ్యాచ్‌లు. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా అయితే 1. పాయింట్లు సమానమైతే గోల్ డిఫరెన్స్, అంటే వేసిన గోల్స్‌లోంచి ఇచ్చినవి తీసేయగా మిగిలేది, మన నెట్ రన్ రేట్ లాంటిదే. ఇక్కడిదాకా తలూపాడు.

“మరి ఫైనల్ ఎప్పుడు?”

ఫైనల్ లేదు. 38 అయ్యాక పైనున్నవాడే చాంపియన్. అసలు కథ కింద ఉంది. ఐపీఎల్‌లో ఆఖర్న మిగిలినా వచ్చే ఏడు వేలంలో దర్జాగా కూర్చోవచ్చు. ఇక్కడ చివరి మూడు జట్లు చాంపియన్‌షిప్ అనే కింది లీగ్‌కి పోతాయి. పదో తరగతి తప్పినవాణ్ణి తొమ్మిదిలో కూర్చోబెట్టినట్టు. టీవీ డబ్బు పడిపోతుంది, మంచి ఆటగాళ్ళు వేరే క్లబ్బులకి వెళ్ళిపోతారు. కాగితం మీద 18వ గడి సరిగ్గా నూనె మరక మీద పడింది. లెస్టర్ పేరు అక్కడే రాశాను. 2023లోనూ, 2025లోనూ ఆ స్థానంలోనే ఉండి కిందికి దిగింది. మధ్యలో 2024లో 97 పాయింట్లతో కింది లీగ్ గెలిచి పైకొచ్చింది కూడా. అంచేత నువ్వు దిగే వారం పట్టిక ఫోన్లో చూసుకునే దిగు.

ఇది నాకు ఎదురుదెబ్బ తగిలి తెలిసింది. నేనొచ్చింది 2014లో. ఆ క్రిస్మస్‌కి జట్టు అట్టడుగున ఉంది. పక్క సీటాయన రెండు రోజులుగా మాట్లాడటం లేదు. ఓదారుద్దామని “పోన్లెండి, వచ్చే ఏడు చూసుకోవచ్చు” అన్నాను. ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టి లేచి వెళ్ళిపోయాడు. వచ్చే ఏడు ఆ లీగ్‌లోనే ఉంటారో లేదో తెలియని మనిషితో అనకూడని మాట అది. తర్వాత చివరి తొమ్మిది మ్యాచ్‌ల్లో ఏడు గెలిచి 14వ స్థానంలో నిలబడ్డారు.

ఆ మరుసటి ఏడు క్లాడియో రనియేరి కోచ్‌గా వచ్చాడు. వీళ్ళు గెలవడం మీద బెట్టింగ్ రేటు ఒకటికి ఐదువేలు. తీరా చూస్తే 81 పాయింట్లు, రెండో స్థానంలోని ఆర్సెనల్ కన్నా పది ఎక్కువ! 2016 మే 2న మావాళ్ళకి అసలు మ్యాచే లేదు. చెల్సీ, టాటెన్‌హామ్ 2-2తో డ్రా చేసుకోగానే మేం చాంపియన్లం. తెల్లవార్లూ హారన్లు. చలిలో పైజామాతోనే వాకిట్లో నిలబడ్డాను. మర్నాడు ఆఫీసుకి ఆ పక్క సీటాయనే సమోసాలు తెచ్చాడు.

ఈ కథ విని బెట్టింగ్ షాపు గడప మాత్రం తొక్కకు. అక్కడ అవి చట్టబద్ధమే, వీధివీధికీ ఉంటాయి. ఫీజు వాయిదా అందులో పోసినవాళ్ళని చూశాను. మన విజయవాడవాళ్ళకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదనుకో.

పాత చరిత్ర ఈ కాస్త చాలు: 1884లో లెస్టర్ ఫాస్ పేరుతో పుట్టింది, 1919లో ఊరికి సిటీ హోదా వచ్చిన ఏడే క్లబ్బు పేరూ మారింది. ఇంకొకటి మాత్రం గుర్తుపెట్టుకో. స్టేడియం దగ్గర విచాయ్ అనే థాయ్‌లాండ్ యజమాని విగ్రహం కనిపిస్తుంది. 2018 అక్టోబరు 27న మ్యాచ్ అయ్యాక ఆయన ఎక్కిన హెలికాప్టర్ స్టేడియం పక్కనే కూలి అయిదుగురు పోయారు. క్లబ్బు యజమానుల మీద ఎవరైనా జోకులేసుకోవచ్చు గానీ ఆయన మీద వద్దు. ఊరు ఇంకా మర్చిపోలేదు.

మ్యాచ్ రోజు సామాను మార్చడానికి స్టేడియం వైపు వ్యాను తీసుకెళ్ళావంటే, దసరాల్లో మూలా నక్షత్రం నాడు దుర్గమ్మ గుడికెళ్ళే కెనాల్ రోడ్డులో ఇరుక్కున్నట్టే.

“ఎలాగూ కొత్తే కదా, గెలిచే టీమ్‌నే పట్టుకుంటే పోలా?” అన్నాడు చివర్లో. పట్టుకో, లెస్టర్‌లోనూ మాంచెస్టర్, లివర్‌పూల్ జెర్సీలు తొడుక్కునేవాళ్ళు బోలెడుమంది. కానీ వాళ్ళతో మ్యాచ్ ఉన్న రోజు ఆ జెర్సీతో లెస్టర్ అభిమానుల మధ్య కూర్చుంటే స్టేడియం కాపలా సిబ్బంది (స్టీవర్డ్‌లు) బయటికి పంపేస్తారు. టికెట్ డబ్బులు కూడా తిరిగి రావు.